చేతిపనికి దేశ బడ్జెట్‌లో చోటు అడిగిన కమలాదేవి

ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులకు నేడు జీఐ గుర్తింపు ఉంది. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా వెళ్తే కొండ కింద కనిపించే ఈ ఊళ్లో ఆ పని చేసేవారిలో ఎక్కువమంది ముస్లిం మహిళలే. ఇలాంటి పనిని ఆడవాళ్లు తీరిక వేళ చేసుకునేదిగా కాకుండా పరిశ్రమగా చూడాలని ఢిల్లీలో పట్టుబట్టినవారిలో ముందు వరుసలో నిలిచిన మనిషి కమలాదేవి ఛటోపాధ్యాయ.

ఆమె 1903 ఏప్రిల్ 3న మంగళూరులో పుట్టారు. చిన్న వయసులోనే పెళ్లయింది, కొద్ది కాలానికే భర్త చనిపోయారు. చదువు మాత్రం ఆపలేదు. మద్రాసు క్వీన్ మేరీస్ కాలేజీలో చదివే రోజుల్లో హైదరాబాద్‌లో పెరిగిన కవి హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయను పెళ్లాడారు. ఆయన సరోజినీ నాయుడు తమ్ముడు. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవడం అప్పట్లో పెద్ద గొడవే. ఇద్దరూ కలిసి నాటకాలు వేశారు. తర్వాత విడిపోయారు.

1926లో మద్రాసు శాసనమండలికి పోటీ చేసి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. అప్పుడు నెల్లూరు కూడా ఆ రాష్ట్రంలోనే ఉండేది. 1930 ఉప్పు సత్యాగ్రహంలో మహిళలకూ చోటివ్వాలని గాంధీజీని ఒప్పించారు. బొంబాయి స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లోకి వెళ్లి మరీ ఉప్పు పొట్లాలు అమ్మారు. జైలుకెళ్లారు.

స్వాతంత్ర్యం వచ్చాక చాలామంది పదవుల వైపు చూశారు. ఆమె శరణార్థుల వైపు చూశారు. 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ పెట్టి, దేశ విభజనలో ఇల్లూవాకిలీ పోగొట్టుకుని ఫరీదాబాద్ చేరినవాళ్లకు సహకార పద్ధతిలో బతుకుదెరువు చూపే పనిలో దిగారు. ఊరికే దానం ఇస్తే రేపటికి ఏమీ మిగలదు, చేతికి పని ఉంటే మనిషి నిలబడతాడు అన్నది ఆమె నమ్మకం. 1952లో ఢిల్లీలోని సెంట్రల్ కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం నిర్వహణ ఈ సంఘం చేతికే వచ్చింది. అదే ఏడాది ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డుకు ఆమె ఏళ్ల తరబడి నాయకత్వం వహించారు.

అది ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాల కాలం. 1956లో మొదలైన రెండో పంచవర్ష ప్రణాళికలో ప్రభుత్వ రంగానికి పెట్టిన మొత్తం 4,800 కోట్లు. అందులో గ్రామీణ, చిన్న పరిశ్రమలకు 200 కోట్లు. ఆ 200లో హస్తకళలకు దక్కింది 9 కోట్లు. అంటే దేశం ఖర్చు పెట్టే ప్రతి వంద రూపాయల్లో పావలా కూడా కాదు.

ఆ కొద్ది డబ్బుతోనే ఆమె పని నడిపించారు. కారీగర్‌కు ముడిసరుకు అందాలి, కొత్త డిజైన్ తెలియాలి, దళారి చేతిలో పడకుండా సరుకు కొనేవాడి దాకా వెళ్లాలి. ఈ మూడింటి చుట్టూనే ఆమె శిక్షణ కేంద్రాలు, ఎంపోరియంలు, సహకార సంఘాలు తిరిగాయి. నెల్లూరుకు పక్కనే ఉన్న శ్రీకాళహస్తిలో కలంకారీ దాదాపు ఆగిపోయే దశకు వచ్చినప్పుడు, 1950లలో అక్కడ శిక్షణ కేంద్రం రావడం వెనుక ఆమె చొరవ ఉంది. అలా ఆ కలం పని కొత్త తరం చేతికి అందింది.

నాటకం, సంగీతాన్ని కూడా ఆమె వదల్లేదు. సంగీత నాటక అకాడమీలో కీలక బాధ్యతలు చూశారు. 1964లో మద్రాసు కేంద్రంగా క్రాఫ్ట్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మొదలుకావడంలో, అదే ఏడాది ప్రపంచ క్రాఫ్ట్స్ కౌన్సిల్ ఏర్పాటులో ఆమెది పెద్ద పాత్ర. 1966లో రామన్ మెగసెసే అవార్డు, 1987లో పద్మవిభూషణ్ వచ్చాయి. 1988 అక్టోబర్ 29న బొంబాయిలో కన్నుమూశారు.

ఇప్పుడు కళలను, చేతిపనులను కలిపి సృజనాత్మక పరిశ్రమలు అంటున్నారు. ప్రపంచ దేశాలు వాటి ఆదాయాన్ని జాతీయ లెక్కల్లో విడిగా చూపే ప్రయత్నం చేస్తున్నాయి. పేరు కొత్తది కావచ్చు, కమలాదేవి ఆ లెక్క అడిగి డెబ్బై ఏళ్లు దాటింది.

జీఐ గుర్తింపు ఉదయగిరి గరిటెకు పేరును కాపాడుతుంది. అంతవరకే. అడవి నుంచి కలప సక్రమంగా దొరకడం, రోజంతా చెక్కిన చేతికి తగ్గ కూలి రావడం, షోరూంలో పలికే ధరలో న్యాయమైన వాటా ఇంటికి చేరడం దానంతట అవి జరగవు. వాటికి బడ్జెట్ కావాలి, సంఘం కావాలి, అడిగే గొంతు కావాలి. అమ్మ దగ్గర చూసి నేర్చుకున్న కూతురు రేపు కూడా ఉలి పట్టాలా, లేక వేరే కూలి వెతుక్కోవాలా అన్నది అక్కడే తేలుతుంది.