చిరివేరు పేరు అడిగిన వైద్యుడు

పిల్లలూ! బదిలీ ఉత్తర్వు వస్తే ఇంట్లో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ట్రంకు పెట్టెలు కిందికి దిగుతాయి. కుండీల్లో పెంచుకున్న మొక్కలు పక్కింటివాళ్లకు వెళ్లిపోతాయి. రెండు వందల ఏళ్ల కిందట ఇలాగే ఉద్యోగం కోసం ఊళ్లు మారిన ఒకాయన కథ ఇది.

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండులో పుట్టారు. ఎడిన్‌బరోలో వైద్యంతో పాటు వృక్షశాస్త్రమూ చదివారు. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు చేరారు. 1781లో కాకినాడ దగ్గరి సామర్లకోటకు వచ్చారు. అక్కడ కంపెనీ లాభం కోసం మిరియం, కాఫీ వంటి పంటలు పెంచి చూశారు. కానీ ఆయన కళ్లు తోటలోనే ఆగలేదు. దారి పక్కన మొలిచే కలుపు మొక్కలనూ పరిశీలించాయి.

వాటిలో ఒకటి చిరివేరు. సముద్రతీరపు ఇసుక నేలల్లో తనంతట తానే మొలిచే చిన్న మొక్క. సన్నని ఆకులు, గుత్తులుగా పూసే తెల్లని చిట్టి పూలు, ఒక్కో పువ్వుకు నాలుగే రేకులు. పైకి చూస్తే ఏ విశేషమూ ఉండదు. విశేషమంతా నేల కింద ఉంది. దాని సన్నని పొడవాటి వేళ్లలో ఎర్ర రంగు దాగి ఉంటుంది. పటిక పట్టించిన బట్టను ఆ వేళ్లతో కలిపి ఉడికిస్తే, ఉతికినా పోని ఎరుపు వస్తుంది. మన తీరంలోని కలంకారీ బట్టలకు ఆ అందం అలా వచ్చిందే.

ఈ సంగతి రాక్స్‌బర్గ్ కనిపెట్టింది కాదు. అద్దకం పనివాళ్లకూ, వేళ్లు తవ్వేవాళ్లకూ తరతరాలుగా తెలుసు. రైతులు ఇసుక నేలలో విత్తి పెంచేవారు కూడా. అయినా బీడులో దానంతట అది పెరిగిన మొక్క వేరులోనే రంగు ఎక్కువని వాళ్లు గుర్తించారు. రాక్స్‌బర్గ్ వారి దగ్గర తెలుసుకుని, మొక్కను బొమ్మ గీయించి, తెలుగు పేరుతో సహా రాసుకున్నారు.

ఒకసారి వరదలో ఆయన పుస్తకాలు, కాగితాలు, సేకరించిన మొక్కలు కొట్టుకుపోయాయి. ఏళ్ల శ్రమ నీళ్లపాలైంది. ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. 1795 నుంచి వెలువడిన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథం మొదటి సంపుటంలోనే చిరివేరుకు చోటు దొరికింది.

1793లో ఆయనకు కలకత్తా బదిలీ అయింది. హుగ్లీ ఒడ్డున ఉన్న వృక్షోద్యానానికి అధికారిగా ఇరవై ఏళ్లు పనిచేశారు. అక్కడి భారతీయ చిత్రకారులతో రెండు వేలకు పైగా మొక్కల బొమ్మలు వేయించారు. 1813లో స్వదేశం వెళ్లి, 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశారు. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని ఆయనకు పేరు.

ఆయన పేరు నిలిచింది. మొక్కల పేర్లు చెప్పినవాళ్ల పేర్లూ, బొమ్మలు గీసినవాళ్లలో చాలామంది పేర్లూ మాత్రం పుస్తకాలకు ఎక్కలేదు. ఆ లోటు మనం గుర్తుంచుకోవాలి.

నేనూ ఎన్నో ఊళ్లు మారాను. కొత్త ఊరిలో దిగగానే గేటు పక్క మొలిచిన ఒక మొక్క పేరు స్కూలు తోటమాలిని అడుగుతాను. మీరూ అడగండి. ఆయన చెప్పిన పేరు ఆ ఊరి భాషలోనే నోటుపుస్తకంలో రాసుకోండి. పక్కనే, చెప్పినవారి పేరు కూడా రాయండి.