ఓటు ఒక్కటే చాలదని మదనపల్లె టీచరమ్మ చెప్పిన పాఠం



మీ పిల్లలు స్కూల్లో జనగణమన పాడేటప్పుడు మన మదనపల్లె పేరు ఒక్కసారి తలుచుకోమని చెప్పండి. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చి, ఆ గీతాన్ని ఇక్కడే ఇంగ్లిషులోకి అనువదించారు. దాని బాణీకి స్వరాలు రాసిపెట్టినావిడ మార్గరెట్ కజిన్స్. ఆమె గురించి చాలామందికి తెలిసింది అంతవరకే. అసలు కథ అంతకంటే పెద్దది.

మార్గరెట్ 1878లో ఐర్లాండులోని బోయిల్ అనే ఊళ్లో పుట్టారు. డబ్లిన్‌లో సంగీతం చదివారు. అప్పటికి అక్కడ ఆడవాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. 1908లో స్నేహితురాళ్లతో కలిసి మహిళల ఓటు హక్కు కోసం ఒక సంఘం పెట్టారు. ఆ పోరాటంలో కిటికీ అద్దాలు పగలగొట్టి లండన్‌లో ఒకసారి, ఐర్లాండులో ఒకసారి జైలుకెళ్లారు.

1915లో భర్త జేమ్స్‌తో కలిసి అనీబీసెంట్ పిలుపు మీద మన దేశానికి వచ్చారు. కొద్దికాలానికే మదనపల్లె చేరారు. జేమ్స్ కాలేజీలో పనిచేస్తే, ఆమె కూడా పాఠాలు చెప్పారు. ఊళ్లోని ఆడవాళ్లు అబలా అభివర్ధని సమాజం పేరుతో ఒకచోట కూడేవారు. ఇలాంటి సంఘాలు ఊరూరా ఉండి, అన్నీ కలిస్తే ఎంత బలమో ఆమె గ్రహించారు. 1917 మే నెలలో అడయారులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ ఏర్పడటంలో ముఖ్యపాత్ర ఆమెదే.

అదే ఏడాది భారత వ్యవహారాల మంత్రి మాంటేగు రాజకీయ సంస్కరణల మీద అభిప్రాయాలు వినడానికి వచ్చారు. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడతామని మార్గరెట్ అర్జీ పెట్టారు. రాజకీయ విషయాలైతేనే వింటామని జవాబొచ్చింది. మనలో చాలామంది అక్కడితో ఊరుకుంటాం. ఆమె ఊరుకోలేదు. అర్జీని తిరగరాసి, మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లకూ ఓటు కావాలని చేర్చారు. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు ముందుండి మహిళా బృందం మద్రాసులో మంత్రిని కలిసింది.

వెంటనే ఫలితం రాలేదు. నిర్ణయాన్ని రాష్ట్రాల శాసనసభలకు వదిలేశారు. 1921లో మద్రాసు రాష్ట్రం అంగీకరించింది. అప్పుడు కూడా ఆస్తి అర్హత ఉన్న కొద్దిమంది ఆడవాళ్లకే ఓటు దక్కింది. అయినా తలుపు తెరుచుకుంది.

ఓటు వచ్చింది కదా అని ఆమె ఇంట్లో కూర్చోలేదు. దేశంలో తొలి మహిళా మేజిస్ట్రేట్‌గా పనిచేశారు. 1926లో కమలాదేవి చట్టోపాధ్యాయను ఎన్నికల్లో నిలబడమని ప్రోత్సహించారు. కమలాదేవి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. మరుసటి ఏడాది పుణెలో ఆడపిల్లల చదువు కోసం జరిగిన అఖిల భారత మహిళా సభ వెనుక మార్గరెట్ కృషి ఉంది. మాట్లాడే స్వేచ్ఛను అణిచే చట్టాన్ని బహిరంగంగా వ్యతిరేకించినందుకు 1932లో అరెస్టయి వేలూరు జైల్లో గడిపారు. మేజిస్ట్రేటుగా తీర్పులు చెప్పిన మనిషే ఖైదీగా వెళ్లారు. 1940లలో పక్షవాతం వచ్చి మంచానపడ్డారు. 1954లో అడయారులో కన్నుమూశారు.

ఇక మన సంగతికి వద్దాం. అంగళ్లు దగ్గర కదిరి రోడ్డు మీద టమోటా లారీల మధ్య మన పిల్లల బస్సులు నడుస్తాయి. స్పీడ్ బ్రేకరు కావాలన్నా, వీధి దీపం వెలగాలన్నా వాట్సాప్ గ్రూపులో విసుక్కుంటే పని కాదు. ఐదేళ్లకోసారి వేలికి సిరా పూసుకున్నంత మాత్రానా కాదు. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరికీ గ్రామసభలో కూర్చుని అడిగే హక్కుంది. పదిమంది తల్లిదండ్రులు కలిసి, సమస్యను ఒక్క పేజీలో రాసి, సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే, ఆ అర్జీ ఏమైందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అది మా పరిధి కాదంటే, ఎవరి పరిధో కనుక్కుని వాళ్లకు తిరగరాయండి. మార్గరెట్ చేసింది అదే.

వీలైతే ఆ రోజు మీ అమ్మాయినో అబ్బాయినో వెంట తీసుకెళ్లండి. పౌరశాస్త్రం పుస్తకంలో చదివేది వాళ్లు కళ్లారా చూస్తారు.