కొలతకు అందని చూపు : రాజా దీన్‌దయాళ్

నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ శిల్పకళకు పేరెన్నిక గన్నది. శిల్పి ఉలి పట్టుటకు ముందే తాళమానం ప్రకారం రాతిపై కొలతలు గుర్తిస్తాడు. ముఖం పొడవు ఒక తాళం; అది 12 అంగుళాలు. ఈ లెక్క తప్పితే విగ్రహం వికృతమవుతుంది. అయితే లెక్క సరిపోయినంత మాత్రాన విగ్రహంలో కళ ఉట్టిపడదు. ఆ ముఖంలో కరుణను పలికించేది శిల్పి అంతర్దృష్టియే. ఛాయాచిత్రకళకూ ఈ సత్యం వర్తిస్తుందనడానికి రాజా దీన్‌దయాళ్ జీవితమే నిదర్శనం.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోర్‌లో ప్రభుత్వోద్యోగంలో చేరారు. కట్టడాలకు అంచనాలు వేయడం, పటాలు గీయడం ఆయన పని. రేఖ, నిష్పత్తి, దూరం అనే నియమాలు ఆ విధంగా ఆయనకు అలవడ్డాయి. 1874 ప్రాంతంలో ఆయన కెమెరా చేపట్టారు.

ఆనాడు గాజుపలకపై రసాయనం పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి కడగవలసి వచ్చేది. కెమెరా వెనుకనున్న అద్దంపై దృశ్యం తలక్రిందులుగా కనిపించేది. పొరపాటు జరిగితే శ్రమంతా వృథా. కనుక ఎక్కడ నిలవాలో, వెలుగు ఏ వైపున ఉండాలో, చట్రంలో దేనిని విడిచిపెట్టాలో ముందే నిశ్చయించుకోవాలి. ఇక్కడే నియమంతో పాటు చూపు కూడా అవసరమయ్యేది.

ఆయన మధ్యభారతమంతా పర్యటించి గ్వాలియర్, ఖజురహో, సాంచీ కట్టడాలను చిత్రించారు. కట్టడం పరిమాణం తెలియడానికి దాని చెంత మనిషిని నిలపడం పటాలు గీసే వారి పద్ధతి. అయితే ఆ మనిషిని ఏ నీడలో నిలిపితే రాయి సజీవమవుతుందో ఏ పద్ధతీ చెప్పదు.

అనంతరం స్థిరమైన ఉద్యోగాన్ని వదలి, ఆయన కెమెరానే జీవనాధారం చేసుకొన్నారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకులయ్యారు. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. 1892లో ఘోషా స్త్రీల కోసం ఒక ఆంగ్ల వనిత నిర్వహణలో ప్రత్యేక స్టూడియోను ప్రారంభించారు. నిజాం ఆయనను రాజా బిరుదుతో సత్కరించారు.

దర్బారు వైభవాన్ని చిత్రించిన ఆ కన్ను వేరొక దృశ్యాన్నీ చూసింది. 19వ శతాబ్ది చివర కరవు వచ్చినప్పుడు, నిజాం రాజ్యంలోని ఔరంగాబాదు ప్రాంతంలో ఎముకల గూళ్లైన పల్లెప్రజలను ఆయన స్టూడియో చిత్రించింది. సింహాసనం ముందు నిలవడానికి మర్యాదలున్నాయి. ఆకలి ముందు నిలవడానికి ఏ సూత్రమూ లేదు. అక్కడ మనస్సే మార్గదర్శి.

1905లో బొంబాయిలో ఆయన కన్నుమూశారు. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం ఆయన గాజుపలకలను 2,857 వరకు సేకరించింది.

నేడు కెమెరా ప్రతి చేతిలోనూ ఉంది. కొలత నేర్వనివాడు దాన్ని దాటలేడు. కొలతతోనే ఆగినవాడు కళను చేరలేడు. ఆళ్లగడ్డ ఉలికైనా, దీన్‌దయాళ్ కెమెరాకైనా ఇదే పాఠం.