చిత్రకథకుడు అలెక్స్ రేమండ్

1934 జనవరి 7వ తేది ఆదివారమున అమెరికా పత్రికలలో నొక చిత్రకథ ఆరంభమయ్యెను. మోంగో అను గ్రహము భూమి మీదికి దూసికొని వచ్చుచుండెను. జార్కోవ్ అను శాస్త్రజ్ఞుడు ఫ్లాష్ గార్డన్ అను యువకుని, డేల్ ఆర్డెన్ అను యువతిని బలవంతముగా తన రాకెట్టులో నెక్కించుకొని ఆ గ్రహమునకే గురిపెట్టి బయలుదేరెను. ఇదంతయు మొదటి పుటలోనే జరిగిపోయెను!

ఆ బొమ్మలను గీసిన అలెక్స్ రేమండ్ 1909 అక్టోబరు 2న న్యూయార్కు రాష్ట్రమునందలి న్యూ రోషెల్ పట్టణమున జన్మించెను. తండ్రి సివిల్ ఇంజనీరు. ఆయన కుమారుని బొమ్మలను తన కార్యాలయపు గోడ నిండ అంటించుకొని మురిసెడివాడు. అలెక్సునకు పండ్రెండేండ్ల వయస్సున ఆ తండ్రి కన్నుమూసెను. చిత్రకళ కూడు పెట్టదని తలచి అతడు వాల్ స్ట్రీటున గుమాస్తాగా చేరెను. 1929లో షేర్ల విపణి కూలగా ఆ కొలువును పోయెను. అప్పుడు రస్ వెస్టోవర్ అను చిత్రకథకుడు అతనిని సహాయకునిగా చేర్చుకొనెను. విధి మూసిన త్రోవయే అతనిని మరల కుంచె యొద్దకు చేర్చినది.

అతడు సజీవులైన మనుష్యులను ఎదుట నిలుపుకొని బొమ్మలు గీసెడివాడు. అందుచేతనే అసంభవమగు కథయందును మానవదేహము సత్యముగ గోచరించును. 1944లో మెరైను దళమున చేరుటకై గార్డన్ కథను విడిచెను. యుద్ధానంతరము 1946లో రిప్ కిర్బీ అను అపరాధ పరిశోధకుని కథ నారంభించెను. 1956 సెప్టెంబరు 6న మోటారు ప్రమాదమున మరణించెను. అప్పటికి వయస్సు నలువదియారేండ్లు మాత్రమే. మన దేశమున 1964లో ఆరంభమైన ఇంద్రజాల్ కామిక్సు గార్డన్ సాహసములను కూడ ప్రచురించెను.

ఈ కథకు వేగమే ప్రాణము. ఒక గండము గడచునంతలో మరియొకటి వచ్చిపడును. అక్షరములు కూడబలుకుకొను బాలుడు సైతము బొమ్మ వెంట పరుగెత్తును. ఈ గుణమును ఉపాధ్యాయుడు తేలికగా చూడరాదు. కాని అదే వేగము కొన్ని ప్రశ్నలను కప్పివేయును. క్రూర చక్రవర్తి మింగునకు ఆసియావాసి ముఖమేల? ఆనాటి అమెరికాలో ఆసియావాసులపై నుండిన భయద్వేషములే ఆ ముఖమును గీసినవి. సింహమానవులు, పక్షిమానవులు, అరణ్యరాజ్యమగు అర్బోరియా ప్రజలు తమ నేలమీద తాము పోరాడుచుండగా, కీర్తి యంతయు భూమినుండి వచ్చిన యొక్క యువకునికే దక్కుటేల?

తూర్పు కనుమలలో పాఠములు చెప్పువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము మొదలుకొని పోడు వ్యవసాయమునకు కష్టములు మొదలయ్యెను. 1922లో మన్యము తిరుగబడెను. మైదానమునుండి వచ్చిన అల్లూరి సీతారామరాజు దానికి నాయకుడై 1924 మే 7న ప్రాణమర్పించెను. అరకులోయ యున్న జిల్లాకు 2022లో ఆయన పేరు పెట్టుట న్యాయమే. ఆయన త్యాగము కల్పితకథ కాదు. అయినను, ఆయన ప్రక్కన నిలిచి పోరాడిన గాం గంటందొర, గాం మల్లుదొరల పేర్లు ఎందరు విద్యార్థులు చెప్పగలరు? ఆ మల్లుదొరయే 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యెనని ఎందరికి తెలియును? కథ ఒక్క వీరుని వెంట పరుగెత్తునప్పుడు ఇట్టివారు వెనుకబడుదురు.

కావున రేమండ్ పుటలను పిల్లల చేతినుండి లాగివేయవలదు. మొదటిసారి వేగముగనే చదువనిండు. రెండవసారి ఒక్క బొమ్మ వద్ద ఆపి, ఈ కథను గార్డన్ గాక పక్షిమానవుడు చెప్పినచో నెట్లుండునో వ్రాయుడని యడుగుడు. అరకు పాఠశాలయందలి బాలిక వ్రాయు సమాధానమును ముందుగా చదువుడు.