ఫలక్‌నుమా కట్టించిన మెహమాన్ నవాజ్: నవాబ్ వికార్-ఉల్-ఉమ్రా

పెళ్లి దావత్ అనగానే సీతారామపురంలోనైనా హైదరాబాద్‌లోనైనా ఇంటి పెద్ద వేసే లెక్కలు రెండే. ఎంతమందికి దస్తర్‌ఖాన్ పరవాలి? దానికి ఎంత ఖర్చవుతుంది? ఈ రెండో లెక్క దగ్గర తడబడింది మామూలు జనమే కాదు. హైదరాబాద్ రాజ్యానికి ప్రధానమంత్రిగా చేసిన ఒక నవాబు కూడా తడబడ్డారు. ఆయనే ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిన నవాబ్ సర్ వికార్-ఉల్-ఉమ్రా.

ఆయన అసలు పేరు మహమ్మద్ ఫజలుద్దీన్ ఖాన్. 1856లో పాయిగా వంశంలో పుట్టారు. హైదరాబాద్ రాజ్యంలో నిజాం తర్వాత అంతటి హోదా పాయిగాలదే. నిజాం కోసం సైన్యాన్ని పోషించడం వాళ్ల బాధ్యత. అందుకని పెద్ద పెద్ద జాగీర్లు వాళ్ల చేతిలో ఉండేవి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సోదరి జహందారున్నీసా బేగంతో ఈయన నిఖా జరిగింది. వికారాబాద్ పట్టణానికి ఆ పేరు వచ్చింది ఈయన వల్లనే.

యూరప్ చూసి వచ్చిన మనిషి. అక్కడి కట్టడాలన్నా, అలంకరణ అన్నా చాలా ఇష్టం. చార్మినార్‌కు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఒక గుట్ట మీద 1884 మార్చి 3న ఫలక్‌నుమాకు పునాది వేశారు. ఆర్కిటెక్ట్ ఇంగ్లిష్‌వాడు. పాలరాయి ఇటలీ నుంచి తెప్పించారు. కట్టడం, సామాను అమర్చడం అంతా పూర్తయ్యేసరికి దాదాపు 9 ఏళ్లు పట్టింది.

ఆ భవనంలో తిరిగితే కట్టించినవాడి మనసు తెలుస్తుంది. మెహమాన్ ఎక్కడ దిగుతాడు, ఎక్కడ కూర్చుంటాడు, పుస్తకం చదవాలనిపిస్తే ఎక్కడికి వెళ్తాడు, రాత్రి భోజనం ఎక్కడ అని ముందే ఆలోచించి కట్టినట్టుంటుంది. భోజనాల హాల్లో ఒకేసారి 101 మంది కూర్చునే పొడవాటి బల్ల ఉంది. ఒక కొసన మెల్లగా మాట్లాడినా రెండో కొసన వినపడుతుందని చెబుతారు.

1893లో నవాబ్ సాహెబ్ రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యారు. హోదా పెరిగింది. కానీ భవనం మీద పెట్టిన ఖర్చు అప్పటికే చెయ్యి దాటిపోయింది. పాయిగా జాగీర్ల రాబడి కూడా ఆ భారాన్ని మోయలేకపోయింది. అప్పులు మీద పడ్డాయి.

బయటపడే దారి చూపించింది బేగం సాహెబా అని చెప్పుకుంటారు. నిజాంను ఫలక్‌నుమాకు దావత్‌కు పిలిచారట. వచ్చిన నిజాంకు ఆ చోటు తెగ నచ్చి, కొద్ది రోజులు అనుకున్నది వారాలకు సాగింది. అప్పుడు వికార్-ఉల్-ఉమ్రా ప్యాలెస్‌ను నజరానాగా ఇచ్చేశారు. నిజాం తీసుకున్నారు గానీ ఊరికే తీసుకోలేదు, సొమ్ము చెల్లించారు. 1897 ప్రాంతంలో ఫలక్‌నుమా ఆ విధంగా నిజాం చేతికి వెళ్లింది. పరువూ నిలిచింది, అప్పుల బరువూ తగ్గింది. తొమ్మిదేళ్లు ముచ్చటపడి కట్టుకున్న ఇల్లు మాత్రం చేజారింది.

అయినా కట్టాలనే కోరిక చావలేదు. స్పెయిన్‌లో చూసిన కార్డోబా మసీదును తలచుకుని, బేగంపేటలో ఒక మసీదు పని మొదలుపెట్టించారు. హైదరాబాద్‌లో స్పానిష్ మాస్క్ అని పిలిచేది దాన్నే. మామూలు గుమ్మటాలకు బదులు కోసుగా పైకి లేచిన శిఖరాలు ఉంటాయి. అది పూర్తి కావడం ఆయన చూడలేదు. 1901లో ప్రధానమంత్రి పదవి పోయింది, 1902 ఫిబ్రవరిలో ఇంతకాలం చేశారు. పాయిగా సమాధుల దగ్గర ఖననం చేశారు. మసీదు 1906లో పూర్తయింది.

ఆయన పోయాక కూడా ఫలక్‌నుమాకు మెహమాన్లు ఆగలేదు. తర్వాత బ్రిటిష్ రాజు అయిన ఐదో జార్జ్ 1906లో యువరాజుగా వచ్చి అక్కడే దిగారు. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చి వెళ్లాక చాలా ఏళ్లు ప్యాలెస్ మూతపడినట్టే ఉండిపోయింది. పదేళ్ల మరమ్మతుల తర్వాత 2010లో తాజ్ వాళ్ల హోటల్‌గా తెరుచుకుంది. 2017 నవంబర్‌లో ప్రధాని మోదీ, ఇవాంకా ట్రంప్ వచ్చిన విందు జరిగింది కూడా ఆ 101 కుర్చీల బల్ల మీదే.

ఆనాడు నవాబ్ సాహెబ్ ముచ్చట కోసం చేసిన పని ఈనాడు వేలమందికి ఉద్యోగం. హోటల్ మేనేజ్‌మెంట్, కేటరింగ్, ఈవెంట్ మేనేజ్‌మెంట్ అంటూ మన పిల్లలు కోర్సులు చేస్తున్నారు. వంటవాడు, వడ్డించేవాడు, గదులు సర్దేవాడు, అలంకరణ చేసేవాడు, లెక్కలు రాసేవాడు అందరూ ఉంటేనే ఒక దావత్ నడుస్తుంది. అలాంటి బల్లల మీద పెట్టే చెక్క స్పూన్లు, ఫోర్కులు చెక్కే ముస్లిం కుటుంబాలు మన ఉదయగిరిలోనే ఉన్నాయి.

ఈ పనిలోకి వెళ్లే పిల్లలు వికార్-ఉల్-ఉమ్రా దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మెహమాన్ అడగకముందే అతనికేం కావాలో ఊహించడం ఆయన గొప్పతనం. చేతిలో ఎంత ఉందో చూసుకోకుండా దిగడం ఆయన పొరపాటు. ప్యాలెస్ ఇచ్చి తీర్చగలిగారు కాబట్టి ఆయన గట్టెక్కారు. వలీమా కోసం వడ్డీకి తెచ్చే మామూలు కుటుంబానికి ఇవ్వడానికి ఉన్నది ఒక్క ఇల్లే.