పాడిపశువుకూ మేలుచేసిన విజ్ఞాని – యల్లాప్రగడ సుబ్బారావు

హైదరాబాదు పాతబస్తీలో గేదెల కొట్టాలను తబేలాలంటారు. ఈ తబేలాలలోనైనా, కోస్తా పల్లెల పశువులపాకలలోనైనా పాడివారిని కలవరపెట్టే వ్యాధి ఒకటి ఉంది. సమృద్ధిగా పాలిచ్చే గేదె ఈనిన కొద్ది వారాలకు దాని మూత్రం ఎరుపెక్కి, క్రమంగా కాఫీ రంగుకు మారుతుంది. పాలు తగ్గిపోతాయి. కంటిపొరలు పాలిపోతాయి. సకాలంలో చికిత్స జరగకపోతే గేదె దక్కదు. రక్తంలో భాస్వరం తగ్గిపోవడమే దీనికి ముఖ్యకారణం. కంటికి కనిపించని ఆ లోపాన్ని అంకెలలో చూపగల పరీక్షను 1925లో లోకానికి అందించిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. బాల్యంలో ఆయన చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణులు కాలేకపోయారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి వైద్యకళాశాలలో చేరారు. స్వాతంత్ర్యోద్యమ ప్రభావంతో శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులు ధరించి వెళ్ళడం ఆంగ్లేయుడైన ఆచార్యునికి ఆగ్రహం తెప్పించింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో ఆయన సరిపెట్టుకోవలసి వచ్చింది. ఈ కాలంలోనే ఆయన సోదరులిద్దరు సంగ్రహణి వ్యాధితో కొద్ది దినాల తేడాలో కన్నుమూశారు. ఆ వ్యాధి ఆయననూ పట్టి పీడించింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. ఆ తరువాత లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించారు. వైద్యం చేయడం కంటె, మందులేని వ్యాధులకు మందు కనుగొనడమే తన పని అని ఆయన నిశ్చయించుకున్నది ఆ దుఃఖం నుండే కావచ్చు.

1920వ దశకం తొలినాళ్ళలో, మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి తోడ్పాటుతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయంతోను ఆయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయంలో చదువు. రాత్రి ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రంచేసే కొలువు. భార్య శేషగిరిని విడిచి వెళ్ళిన ఆయన మరల స్వదేశం చూడలేదు. అమెరికా పౌరసత్వమూ స్వీకరించలేదు.

హార్వర్డులో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి ఆయన రూపొందించినదే ఫిస్క్–సుబ్బారావు పద్ధతి. రక్తరసంలోని భాస్వరాన్ని మాలిబ్డినం గల ఆమ్లద్రావణంతో కలిపి, మరొక రసాయనాన్ని చేర్చినప్పుడు నీలివర్ణం పుడుతుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత గాఢమవుతుంది. ఆ రంగును తెలిసిన కొలతగల ద్రావణపు రంగుతో పోల్చి లెక్క తేలుస్తారు. స్వల్పమైన నమూనాతో, స్వల్పకాలంలో జరిగే ఈ పరీక్ష మానవ వైద్యంలోనే కాక పశువైద్య ప్రయోగశాలలలోనూ విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. దాని విలువ తెలియాలంటే దక్షిణాఫ్రికా ఉదంతం వినాలి. అక్కడి బీళ్ళలో భాస్వరం చాలక పశువులు చచ్చిన జంతువుల ఎముకలు నమిలేవి. ఆ ఎముకలకంటిన విషంతో కాళ్ళు చచ్చుబడి మరణించేవి. ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్యుడు ఎముకల పొడి తినిపించి ఆ మరణాలను అరికట్టాడు. ఎముకలు నమలడం బయటకు కనిపించే లక్షణం. అంతకు ముందే, పశువు పైకి ఆరోగ్యంగా కనిపిస్తున్నప్పుడే, లోపాన్ని పసిగట్టడానికి నీలిరంగు పరీక్ష ఉపకరించింది. మన వరిగడ్డిలోనూ భాస్వరం తక్కువే, తవుడులో హెచ్చు. తవుడు పెట్టే అలవాటుగల మన పెద్దలకు ఈ రసాయనశాస్త్రం తెలియకపోయినా దాని ఫలితం తెలుసు.

భాస్వరాన్ని కొలిచే సాధనం చేతికందిన తరువాత సుబ్బారావు, ఫిస్క్ కండరాలను పరిశీలించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని వెలుగులోకి తెచ్చారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఎ.టి.పి.ని కనుగొన్నాడు. జీవకణం తన పనికి ఖర్చుపెట్టే నాణెం ఎ.టి.పి. భాస్వరం లోపించిన గేదె ఎర్రరక్తకణాలలో ఇదే తరిగిపోతుంది. అప్పుడు కణపు పొర బలహీనపడి చిట్లుతుంది. ఆ ఎరుపే మూత్రంలో కనిపిస్తుంది. పశువైద్యులు భాస్వర లవణాన్ని సిరలోనికి ఎక్కించి గేదెను బ్రతికించడం వెనుక ఉన్న తర్కమిదే.

ఇంతటి కృషి చేసినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. 1940లో ఆయన న్యూయార్కు సమీపాన పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ఔషధసంస్థలో పూర్తికాలం పనిచేయడానికి చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న సంగ్రహణికి అది ఔషధమైంది. (ఆవుకు, గేదెకు ఈ విటమినును పొట్టలోని సూక్ష్మజీవులే సమకూరుస్తాయి!) 1947లో బోదకాలు వ్యాధికి హెట్రజాన్ వెలువడింది. దూడల ఊపిరితిత్తులలో చేరి దగ్గు పుట్టించే పురుగులను తొలిదశలో చంపడానికి కూడ తరువాతి కాలంలో ఆ మందును వాడారు.

ఆయన పర్యవేక్షణలోనే, డెబ్బది ఏళ్ళు దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డుగ్గర్ మట్టి నమూనాలను శోధించి బంగారువన్నె గల ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది ఇదే. పెన్సిలిన్‌కు లొంగని పలు సూక్ష్మజీవులపై అది పనిచేసింది. అది 1948లో లోకానికి వెల్లడైంది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయస్సు యాభైమూడు. పాడిపశువుల పొదుగువాపులో ఈ మందు పనిచేయడాన్ని చూసే అవకాశం ఆయనకు కలగలేదు.

ఆ మందు తరువాతి చరిత్రనూ ఆయన చూడలేదు. ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెడితే అవి త్వరగా పెరుగుతున్నాయని లెడర్లీలోని థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ గుర్తించారు. అంతటితో జబ్బులేని కోళ్ళకు, పందులకు, పశువులకు సైతం దాణాలో మందు కలపడం దేశదేశాలలో వ్యాపారమైంది. అల్పమోతాదులో నిత్యం మందు తగిలిన సూక్ష్మజీవులు దానిని తట్టుకునే శక్తి పొందాయి. అదే మందు మనుషుల్లోనూ పనిచేయకుండా పోయే ప్రమాదం ఏర్పడింది. పెరుగుదల కోసం ఇటువంటి మందులు కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006 నుండి నిషేధించింది. మానవ చికిత్సకు ముఖ్యమైన మందుల విషయంలో అమెరికా 2017లో ఆ పని చేసింది. జబ్బుపడిన పశువుకు వైద్యుని సలహాపై టెట్రాసైక్లిన్లను నేటికీ వాడుతున్నారు. అయితే ఆ చికిత్స సాగినన్నాళ్ళు, ముగిశాక నిర్ణీత గడువు దాటేదాకా, దాని పాలను అమ్మకానికి పోయరాదు.