సర్ లాడర్ బ్రంటన్

ఔషధము రోగికి మిత్రము. కాని దాని గుణమును, మోతాదును ఎరుగక వాడినచో ఆ మిత్రమే శత్రువగును. ఈ సత్యమును గుండెజబ్బుల విషయమున శోధించిన వైద్యులలో థామస్ లాడర్ బ్రంటన్ ఒకడు.

ఆయన 1844వ సంవత్సరమున స్కాట్లండు దేశమున జన్మించి, ఎడింబరో నగరమున వైద్యశాస్త్రము నభ్యసించెను. అచ్చటి వైద్యశాలలో రాత్రివేళల గుండెనొప్పితో విలవిలలాడు రోగులను చూచి ఆయన మనస్సు కరగిపోయెను. ఆ బాధకు నాడు తగిన మందు లేకుండెను. బ్రంటన్ రోగుల చెంత కూర్చుండి నాడిని పరీక్షించి, నొప్పి వచ్చినపుడు రక్తపుపోటు హెచ్చుచున్నదని గ్రహించెను. రక్తనాళములను సడలించు మందు ఈ నొప్పిని తగ్గింపగలదని తలంచి, ఆమైల్ నైట్రైట్ అను ద్రవమును గుడ్డపై కొన్ని చుక్కలు వేసి పీల్పించెను. ఒక నిమిషములోగా నొప్పి శమించెను. 1867లో ఆయన ఈ సంగతిని లోకమునకు తెలిపెను.

ఆ కాలమున శస్త్రచికిత్సకు ముందు రోగిని స్మృతి తప్పించుటకు క్లోరోఫారము నిచ్చెడివారు. దానివలన కొందరు బల్లమీదనే మరణించుచుండిరి. మొదట ఆగునది గుండెయా, శ్వాసయా అని వైద్యులు వాదించుకొనుచుండిరి. శ్వాసయే యని హైదరాబాదులోని వైద్యుడు ఎడ్వర్డ్ లారీ 1888లో ప్రకటించెను. లండనులోని లాన్సెట్ పత్రిక అందులకు సమ్మతింపలేదు. అంతట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వేయి పౌనుల ధనమిచ్చి నిపుణుని పంపుడని కోరగా, 1889లో బ్రంటన్ హైదరాబాదు చేరెను. బొంబాయి నుండి రైలులో వచ్చువారు ఆ దినములలో వాడి వద్ద బండి మారి, తాండూరు, వికారాబాదుల మీదుగా హైదరాబాదు చేరుచుండిరి.

గుండెకే ప్రమాదమని అంతకు పూర్వము బ్రంటన్ అభిప్రాయము. కాని జంతువులపై నాలుగువందలకు పైగా ప్రయోగములు జరిగిన పిమ్మట ఆయన తన అభిప్రాయమును విడిచి, లారీ మతమును అంగీకరించెను. కంటికి కనబడిన దానికి తలయొగ్గుట పండితుని లక్షణము.

అయినను సత్యము అంతటితో పూర్తి కాలేదు. క్లోరోఫారము కొద్దిగా ఇచ్చినపుడు, శరీరమున పుట్టు అడ్రినలిన్ అను రసము గుండెను అదరగొట్టి హఠాత్తుగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లీవీ నిరూపించెను. శ్వాసతోపాటు నాడిని కూడ కనిపెట్టవలెనని దీనివలన తేలెను. బ్రంటన్ 1916లో పరమపదించెను.

అడ్రినలిన్ ధాటినుండి గుండెను కాపాడు బీటా బ్లాకరు మందులను జేమ్స్ బ్లాక్ అను మరియొక స్కాట్లండు వైద్యుడు 1960 తరువాతి సంవత్సరములలో కనుగొనెను. నేడు వికారాబాదు, తాండూరు వంటి పట్టణములలోను వీనిని వాడువారు కలరు. ఇవి గుండె వేగమును తగ్గించి, దాని శ్రమను తేలిక చేయును. కాని వైద్యునితో చెప్పక ఈ మందును హఠాత్తుగా మానరాదు. మానినచో గుండెనొప్పి తిరుగబెట్టవచ్చును. ఉబ్బసము గలవారు ఆ సంగతిని ముందుగానే వైద్యునికి తెలుపవలెను. మధుమేహ రోగులకు చక్కెర తగ్గినపుడు కలుగు గుండెదడను ఈ మందు మరుగుపరచును గనుక వారు మిక్కిలి జాగరూకులై యుండవలెను. నాడి మందగించినను, కన్నులు తిరిగినను వెంటనే వైద్యుని చూడవలెను. ఒకరి మందును మరియొకరు వాడరాదు.

నాడిపై వ్రేలుంచి రేయెల్ల మేలుకొన్న బ్రంటన్ వంటి వారి శ్రమఫలమే మనకు లభించిన ఈ జ్ఞానము. దానిని శ్రద్ధతో పాటించుట మన విధి.